తొడుగు వేలికి పలికే ఫోను

మధ్యాహ్నం రెండింటికే వాద్సో వీధుల్లో దీపాలు.
నవంబరు చివర్లో సెలవు పెట్టి పోయిన సూర్యుడు
జనవరి సగం దాటితేగానీ రాడు.
మా నర్సులకి దొరకని సెలవది.

కౌంటరు వెనక సిండ్రే.
వాడి తాత కాలి పుండుకి కట్టు కట్టేది నేనే.
అయినా కొత్త మనిషికి చెప్పినట్టు
కెమెరా గొప్పల దగ్గర మొదలెట్టాడు:
చందమామ మీద గుంటలు కూడా పడతాయట.
నాకు చందమామ వద్దురా,
ఈ నెలన్నర పట్టపగలు కూడా దాన్నే చూశాను.
పుండ్ల ఫోటోలకి ఆఫీసు వాళ్ళ పలక వేరే ఉంది,
దానికో తాళం, తాళానికో తాళం.
సొంత ఫోనుకి నా దగ్గర వేరే పనులున్నాయి.

సంచిలోంచి నీలం తొడుగు తీసి వేసుకున్నాను.
మొదటి ఫోను ఉలకలేదు.
రెండోది నేను తలుపు కొడితే పక్కింటివాడు పలికినట్టు పలికింది.
మిగిలిన రెండూ మాట విన్నాయి.
వాటిని స్పిరిటు గుడ్డతో తుడిచాను.
సిండ్రే గుటక మింగాడు.
రోజుకి ఇరవైసార్లు తుడుస్తాను నాయనా,
ఇప్పుడే బెంగపడితే ఎలా?

చొక్కా జేబులో వేసుకుని వంగి చూశాను,
నేలమీద పడిన మనిషిని లేపడానికి వంగినట్టు.
ఖరీదైనది జారి నా మోకాలికి కొట్టుకుంది.
రేపు ఎవరి ముఖమ్మీదో పడేది.
చిన్నది జేబులోనే ఒదిగి ఉంది.

టార్చి వెలుగు తగ్గుతుందా?
నేను చూసేది కనుపాపని, దొంగని కాదు.
గడియారంలో ముల్లు తిరుగుతుందా?
నాడి లెక్కపెడుతుంటే ఎదురుగా ఇంకో అంకె కనబడిందా
నా లెక్క తప్పుతుంది.
ముప్పై ఏళ్ళుగా అంతే.

ఇంక చలి సంగతి.
మొన్న ఎక్కెరోయ్ దారిలో, సున్నాకి ఇరవై రెండు కింద,
సగం బ్యాటరీ ఉండగానే పాత ఫోను కన్ను మూసింది.
రొమ్ముల మధ్య పెట్టుకుని
పసిగుడ్డుని కాచినట్టు కాచుకుంటూ కారు నడిపాను.
ఆ పూట అది బతకాలి. నేను వెళ్ళేది
బిరేత్ అవ్వ దగ్గరికి.

అవ్వకి తొంభై ఒకటి.
మతిమరుపు వచ్చి ముందుగా నార్వే భాషని ఎత్తుకుపోయింది,
బళ్ళో బెత్తం పట్టి నేర్పిన భాషని.
బెత్తం లేకుండా వచ్చిన సామీ మాత్రం మిగిలింది.
నాకు సామీ రాదు.
మా అమ్మమ్మకి వచ్చేదట.
పోయాక తెలిసింది.

అవ్వ మేనకోడలు మారిత్ పదిహేడు మాటలు
నా ఫోన్లో చెప్పిపెట్టింది.
నొప్పిగా ఉందా. ఇటు తిరుగు.
గుడ్డ చల్లగా తగులుతుంది. సూది చిన్నదే.
పన్నెండో మాటకి ముందు మారిత్ దగ్గుతుంది.
ఆ దగ్గు వినగానే, ప్రతిసారీ,
అవ్వ తన దుప్పటి అంచు లాగి
ఫోనుకి కప్పుతుంది.
ఆ కాస్సేపట్లో నా సూది పని అయిపోతుంది.

సిండ్రే చేత పన్నెండో మాట రెండు ఫోన్లలోకీ ఎక్కించాను.
ఖరీదైనది ముందు పలికింది:
విమానాశ్రయంలో పిలిచే గొంతు, నున్నగా, శుభ్రంగా.
దగ్గు లేదు.
"రొదంతా అదే ఏరిపారేస్తుంది," అన్నాడు గర్వంగా.
ఆపొచ్చటలే, నొక్కులు చాలా ఉన్నాయి.
నేను వినిపించుకోలేదు.
చిన్నది పలికింది. కాస్త ముక్కుతో,
గదిలో కుర్చీ కిర్రుమన్న చప్పుడుతో సహా.
దగ్గు ఉంది.

"రంగు?" అన్నాడు.
ఏదైతేనేం, దుప్పట్లో ఉండేదానికి.

డబ్బు కట్టి, టోపీ చెవులమీదికి లాక్కుని,
తలుపు దగ్గర ఆగి చెప్పాను:
రేపు ఏడింటికి తాతకి కట్టు మారుస్తాను,
మెట్లమీద మంచు నువ్వే గీకు,
ఆయన్ని గీకనివ్వకు.